రబ్బరు చేప చరిత్ర: ఉప్పునీటి గాలానికి ఎర ఎంచుకోవడం



చరిత్ర ప్రసంగం అనగానే మీలో చాలామంది ఏ శాతవాహనుల గురించో, కాకతీయుల గురించో అనుకుని కాఫీ కప్పుతో సర్దుకుని కూర్చుని ఉంటారు. క్షమించాలి. ఈ రోజు నేను చెప్పబోయేది ఒక రబ్బరు చేప చరిత్ర. మూడు నాలుగు అంగుళాల పొడవు, మెత్తటి ఒళ్ళు, వెనకాల చిన్న తెడ్డులాంటి తోక. గాలానికి గుచ్చి సముద్రంలోకి విసిరి లాగితే అచ్చం బతికున్న చేపలాగే తోకాడిస్తూ ఈదుతుంది. ఇక్కడ దీన్ని స్విమ్‌బెయిట్ అంటారు. అంటే ఈదే ఎర అన్నమాట.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. హ్యూస్టన్‌లో ఉంటాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్న వీపుకి శనివారం పొద్దున్న గాల్వెస్టన్ గాలి తగిలితే చాలు, ప్రాణం లేచి వస్తుంది. ఈ గాలం పిచ్చి నాకు అలా పట్టుకుంది. అయితే ఈ ఎర చరిత్ర వెతికేలా చేసింది మాత్రం మా నాన్నగారు.

నాన్నగారు కాకినాడ దగ్గర ఉప్పాడ ప్రాంతంలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లల్లో సగం మంది వేటకి వెళ్ళే ఇళ్ళవాళ్ళే. మేము పట్టుకోవడం తప్ప చేపల గురించి అన్నీ తెలిసినవాళ్ళం. మొన్న ఆరు నెలలుండి వెళదామని మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన్ని, మా పదేళ్ళ అమ్మాయిని వెంటబెట్టుకుని ఎరలు కొనడానికి ఒక దుకాణానికి వెళ్ళాను. గోడ పొడుగునా వందల కొద్దీ పొట్లాలు. ఎరుపు, పసుపు, వంకాయ రంగు, మెరుపులున్నవి, లేనివి. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూసి, "ఏరా, ఇవి చేపల్ని పట్టడానికా, నీలాంటి వాళ్ళని పట్టడానికా?" అన్నారు.

మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు మాత్రం సమాధానం దొరకలేదు. అప్పటికి ఆరేళ్ళుగా రంగు బాగుందనో, పక్కవాడు కొన్నాడనో కొంటూ వచ్చానే తప్ప ఈ వస్తువు ఇలా ఎందుకుంది అని ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసిందేమిటంటే, దీని చరిత్ర తెలిస్తే దీన్ని ఎంచుకోవడం సగం తెలిసినట్టే. ఎందుకంటే ఇందులో ప్రతి మార్పూ ఒక ఇబ్బందికి ఎవరో కనిపెట్టిన సమాధానం.

కథ ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊళ్ళో మొదలవుతుంది. సముద్రానికి ఎక్కడో దూరంగా ఉన్న ఊరు. ఒకప్పుడు దాన్ని ప్రపంచానికి రబ్బరు రాజధాని అనేవారు. కారు టైర్లు చేసే పెద్ద కంపెనీలు చాలా అక్కడే పుట్టాయి. వాటిలో ఒకటైన బి.ఎఫ్. గుడ్‌రిచ్‌లో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేసేవాడు. రబ్బరుని లోహానికి అతికించే జిగురు తయారుచెయ్యమని ఆయనకి పని అప్పగించారు. 1926లో ఆయన ఆ ప్రయత్నంలో, అప్పటికి ఎందుకూ పనికిరాదని పక్కన పడేసిన పి.వి.సి. అనే ప్లాస్టిక్‌ని ఒక ద్రవంలో వేడిచేసి చూశాడు. జిగురు కుదరలేదు గానీ వంచితే వంగి, సాగదీస్తే సాగే మెత్తటి పదార్థం ఒకటి చేతికొచ్చింది. తరువాతి కాలంలో రెయిన్ కోట్లు, బాత్‌రూమ్ కర్టెన్లు, కరెంటు తీగల మీద తొడుగులు, అన్నీ దానితోనే వచ్చాయి. మనం రబ్బరు చేప అంటాం గానీ నిజానికి చాలా వాటిలో ఉన్నది రబ్బరు కాదు, ఈ మెత్తబరిచిన పి.వి.సి.

అదే ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే మెషినిస్టు ఉండేవాడు. ఆయనకీ మనలాగే గాలం పిచ్చి. అంతకు ముందే కొందరు రబ్బరుతో వానపాములు చేసి చూశారు. అవి బిగుసుకుపోయి నీళ్ళలో పుల్లల్లా ఉండేవి. చేప ఒకసారి నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేసేది. ఈ కొత్త ప్లాస్టిక్‌తో చేస్తే ఎలా ఉంటుందని నిక్, ఆయన భార్య కాస్మా ఇంట్లోనే ప్రయోగాలు మొదలుపెట్టారు. 1949లో వాళ్ళ మెత్తటి ప్లాస్టిక్ వానపాము తయారైంది. పోస్టులో అమ్మడం మొదలుపెట్టాక దేశమంతా పాకిపోయింది. తరువాత కంపెనీయే టెక్సాస్‌లోని టైలర్ అనే ఊరికి చేరింది. ఇక్కడి జలాశయాల్లో ఉండే బాస్ అనే మంచినీటి చేపకి ఆ పాము అంటే అంత ప్రీతి మరి.

అది ఎలా చేస్తారో చెబితే మన ఇళ్ళల్లో అమ్మలకి ఇట్టే అర్థమవుతుంది. ముడి సరుకు చూడ్డానికి పాలలా ఉంటుంది. వేడి చేస్తే మొదట జున్నులా గట్టిపడుతుంది. ఇంకా వేడెక్కిస్తే, సుమారు 175 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర, కరిగి తేటగా పాకంలా అవుతుంది. రంగు, మెరుపు కలిపి అచ్చులో పోసి చల్లారిస్తే ఎర తయారు. పాకంలో లేతపాకం, ముదురుపాకం ఉన్నట్టే ఇక్కడా ఉంది తేడా. మెత్తబరిచే నూనె ఎక్కువ పడితే ఎర మెత్తగా ఉండి తోక బాగా ఆడుతుంది, కానీ త్వరగా చిరిగిపోతుంది. తక్కువ పడితే గట్టిగా ఉండి ఎక్కువ చేపలకి ఆగుతుంది, కానీ ఆట తగ్గుతుంది. దుకాణంలో పొట్లం మీద నుంచే తోకని వేలితో కదిపి చూడండి. నెమ్మదిగా లాగే చోటికి చిన్న కదలికకే ఊగే తోక కావాలి.

మొదటి వానపాముకి సొంత ఆట లేదు. పట్టుకున్న మనిషే గాలపు కర్రని ఆడించి దానికి ప్రాణం పోయాలి. 1970లలో లూజియానాలోని మిండెన్ అనే ఊరి నుంచి మిస్టర్ ట్విస్టర్ అనే కంపెనీ వంపు తిరిగిన పల్చటి తోక ఉన్న ఎరని జనంలోకి తెచ్చింది. ఊరికే లాగితే చాలు, ఆ తోక రెపరెపలాడుతుంది. ఆ తరువాత అదే కంపెనీ సాసీ షాడ్ అనే చేప ఆకారాన్ని తెచ్చింది. దాని తోక చివర అడ్డంగా ఒక చిన్న తెడ్డు. ఈ రోజు దుకాణాల్లో మనం చూసే స్విమ్‌బెయిట్లలో చాలావాటికి ఇదే పెద్దక్క అనుకోవచ్చు.

ఆ తెడ్డులోనే ఉంది అసలు కిటుకు. ఎరని లాగినప్పుడు నీళ్ళు తెడ్డుకి కొట్టుకుని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు సుడి తిరుగుతూ జారిపోతాయి. దాంతో తోక అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం నీళ్ళలో చిన్న చిన్న అలలుగా వెళుతుంది. చేపకి ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది, మీరు చేప శుభ్రం చేసేటప్పుడు చూసే ఉంటారు. నీటి కదలికని చేప పసిగట్టేది దానితోనే. గాల్వెస్టన్ తీరంలో నీళ్ళు చాలా రోజులు కాఫీ రంగులో ఉంటాయి. అలాంటి చోట చేప ఎరని కంటితో చూసే ముందు ఒంటితో వింటుంది. అందుకే రంగు గురించి బెంగపెట్టుకునే ముందు తోక గురించి ఆలోచించమంటాను. బురద నీటికి పెద్ద తెడ్డు, తేట నీటికి, చలికాలపు నీటికి చిన్న తెడ్డు. ఆ తరువాతే రంగు. తేట నీళ్ళలో అసలు చేపని పోలిన లేత రంగులు, బురద నీళ్ళలో నీడ స్పష్టంగా కనబడే ముదురు రంగులు గానీ, బాగా కొట్టొచ్చే చిలకపచ్చ లాంటివి గానీ.

చెరువుల్లో పుట్టిన ఈ ఎర ఉప్పునీటికి వచ్చేసరికి మూడు ఇబ్బందులు ఎదురయ్యాయి. ఆ మూడూ నాకు డబ్బులు ఖర్చుపెట్టించి మరీ పాఠం చెప్పాయి.

మొదటిది గాలం. మంచినీటి చేపలకి చేసిన సన్నటి గాలాలు చవగ్గా దొరికాయని నేను ఒక డబ్బా కొన్నాను. మొదటి పెద్ద చేపకే అది గుండుసూదిలా సాగిపోయింది. మిగిలినవి రెండు వారాల్లో తుప్పు పట్టాయి. ఉప్పునీటికి లావు తీగతో చేసి, తుప్పు పట్టకుండా పూత పూసిన గాలమే కావాలి.

రెండవది పోటు, పాటు. సముద్రంలో నీరు నిలకడగా ఉండదు. అందుకే ఎర తలకి సీసపు గుండు ఉన్న గాలం వాడతారు. దాన్ని జిగ్ హెడ్ అంటారు. మోకాలి లోతు నీటికి ఔన్సులో ఎనిమిదో వంతు, అంటే సుమారు మూడున్నర గ్రాములు చాలు. నడుం లోతుకి పావు ఔన్సు, సుమారు ఏడు గ్రాములు. ప్రవాహం ఉరికే చోట అంతకన్నా ఎక్కువ. ఎర నేలని తాకుతున్నట్టు చేతికి తెలియాలి, కానీ నేలలో కూరుకుపోకూడదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు పది రంగులు కొనేకన్నా ఒకే రంగుకి మూడు బరువులు కొనుక్కోవడం మంచిది.

మూడవది పళ్ళు. బొగడ చేపల్లాంటి చిన్న చేపలు కూడా తోకని కొరికి పట్టుకుపోతాయి. దీనికి సాగే గుణం బాగా ఉన్న వేరే రకం ప్లాస్టిక్‌తో చేసిన ఎరలు వచ్చాయి. అవి లాగితే అంత సులువుగా తెగవు. కానీ ఒక హెచ్చరిక. వాటిని మామూలు పి.వి.సి. ఎరలతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి. ఒకదాని రసాయనం ఇంకోదానికి పట్టి రెండూ కరిగి ముద్దవుతాయి. నా కారు డిక్కీలో ఒక ఎండాకాలం మధ్యాహ్నం నలభై డాలర్ల సరుకు మైసూరు పాకు అయిపోయింది. ఏ ఎర వచ్చిన పొట్లంలో ఆ ఎరని ఉంచడమే క్షేమం. ఇక గల్ఫ్ దేశాల్లో ఉండి వంజరం కోసం వెళ్ళే మిత్రులకి, దాని పళ్ళు కత్తెరల్లాంటివి. ఎర ఎంత గట్టిదైనా ముందు ఒక జానెడు ఉక్కు తీగ లేకపోతే ఎరా, గాలం రెండూ పోతాయి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అక్కడ బారమండి అని ఈ స్విమ్‌బెయిట్లతో పట్టే చేప మరేదో కాదు, మన గోదావరి జిల్లాల పండుగప్పే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఎర చరిత్రకి పక్కనే ఒక చేప చరిత్ర కూడా నడిచింది.

మా తీరంలో అందరూ కోరుకునే చేప రెడ్‌ఫిష్. రాగి రంగు ఒళ్ళు, తోక దగ్గర నల్లటి చుక్క. 1980 ప్రాంతంలో న్యూ ఆర్లియన్స్‌లో పాల్ ప్రుడోమ్ అనే వంటాయన దీనికి వెన్న, కారం మసాలా పట్టించి పెనం మీద నల్లగా మాడ్చి వడ్డించాడు. ఆ వంటకం పేరు దేశమంతా మోగిపోయింది. ఎంతగా అంటే, సముద్రంలో గుడ్లు పెట్టే పెద్ద చేపల గుంపుల్ని పెద్ద వలలు వేసి ఊడ్చెయ్యడం మొదలైంది. అప్పటికే తగ్గిపోతున్న చేప. 1977లో హ్యూస్టన్‌లో కొందరు గాలపు వేటగాళ్ళే ఒక సంఘం పెట్టుకుని దీని కోసం పోరాడారు. 1981లో టెక్సాస్ తన తీరంలో పట్టిన రెడ్‌ఫిష్‌ని అమ్మడం నిషేధించింది. 1986లో కేంద్ర ప్రభుత్వం కూడా తన జలాల్లో అడ్డుకట్ట వేసింది. 2007లో అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ ఈ చేపకీ, స్ట్రైప్డ్ బాస్ అనే ఇంకో చేపకీ రక్షణగా ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. పిల్లల చేపల్ని పెంచి సముద్రంలో వదిలే కేంద్రాలు కూడా వచ్చాయి. వాటిలో ఒకటి లేక్ జాక్సన్‌లో 1996 నుంచి ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించదగ్గ చోటు.

ఈ రోజు టెక్సాస్‌లో మామూలుగా 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న రెడ్‌ఫిష్‌నే ఇంటికి తీసుకెళ్ళాలి. చిన్నదైతే పెరగనివ్వాలి. పెద్దదైతే అది తల్లి చేప, వదిలెయ్యాలి. పెద్దదాన్ని తీసుకెళ్ళాలంటే లైసెన్సుతో వచ్చే ప్రత్యేకమైన చీటీ వాడుకోవాలి. అంటే పట్టిన వాటిలో చాలా చేపల్ని బతికుండగా వెనక్కి వదలాలి. ఇక్కడే మన రబ్బరు చేప విలువ తెలుస్తుంది. నిజమైన రొయ్యో చేపముక్కో ఎరగా పెడితే చేప దాన్ని తీరిగ్గా మింగుతుంది. గాలం గొంతు దాటి లోపల గుచ్చుకుంటుంది. దాన్ని వదిలినా బతుకుతుందన్న నమ్మకం తక్కువ. కదిలే ప్లాస్టిక్ ఎరని మాత్రం చేప వచ్చి కొడుతుంది, మనం లాగుతాం. ఎక్కువసార్లు గాలం పెదవికే తగులుతుంది. పక్కకి తిప్పితే ఊడి వచ్చేస్తుంది. గాలానికున్న చిన్న ముల్లుని పటకారుతో నొక్కేస్తే ఇంకా సులువు.

ఆ శనివారం మేము టెక్సాస్ సిటీ డైక్ మీదికి వెళ్ళాం. గాల్వెస్టన్ అఖాతంలోకి అయిదు మైళ్ళు చొచ్చుకుపోయిన రాళ్ళ కట్ట అది. మా అమ్మాయికి పదిహేడేళ్ళ లోపే కనుక లైసెన్సు అక్కర్లేదు. నాన్నగారికి ముందే తీసుకున్నాను. అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చినప్పుడు ఈ సంగతి మరిచిపోకండి. నాలుగు అంగుళాల స్విమ్‌బెయిటు, పావు ఔన్సు తల. గంట తరువాత నాన్నగారి కర్ర వంగింది. డెబ్భై ఏళ్ళ మనిషి, జీవితమంతా సముద్రం ఒడ్డున బతికి మొదటిసారి తన చేత్తో చేపని లాగుతున్నారు. ఆయన చేతులు వణకడం నేను చూశాను.

రెడ్‌ఫిష్. బద్దతో కొలిచాను. 19 అంగుళాలు. మళ్ళీ కొలిచాను. పందొమ్మిదే.

"అంగుళమే కదరా. మీ అమ్మ పులుసు పెడుతుంది," అన్నారు. చుట్టుపక్కల ఎవరూ లేరు. నాకు కాదనడానికి నోరు రాలేదు. ఆయన మొదటి చేప. మళ్ళీ వస్తారో రారో. మా అమ్మాయి నా ముఖం వంకే చూస్తోంది. చివరికి, "నాన్నగారూ, దీన్ని వదిలెయ్యాలండీ. ఇంకా పెరగాల్సిన చేప ఇది," అన్నాను.

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ నా క్లాసులో పిల్లలు ఏం తినొచ్చారో అడగడానికి నాకు ధైర్యం చాలేది కాదు. వాళ్ళే ఆగుతున్నారు. సరదాకొచ్చిన మనం ఆగకపోతే ఎలా?" అని తనే వంగి చేపని నీళ్ళలో పట్టుకున్నారు. గాలం పెదవికే ఉంది కనుక తియ్యడానికి క్షణం పట్టలేదు. చేప ఆయన చేతుల మధ్య ఒకసారి మొప్పలాడించి తోక విదిల్చి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా అంతా తడిసింది.

అదే రోజు నా ఎర ఒకటి రాళ్ళలో ఇరుక్కుని తెగిపోయింది. నాన్నగారు, "మరి అదో?" అన్నారు. ఆ ప్రశ్న ఇంకా నాలో ఉంది. చేపని కాపాడుతున్నది కూడా ప్లాస్టిక్కే, నీళ్ళలో మిగిలిపోయేదీ ప్లాస్టిక్కే. పారేసిన ఎరల్ని చేపలు మింగుతాయి, అవి కడుపులో ఉబ్బుతాయి. మెయిన్ రాష్ట్రంలో 2013లో ఇలాంటి ఎరల్ని నిషేధించాలని శాసనసభలో బిల్లు కూడా పెట్టారు. చివరికి అది అధ్యయనంతో ఆగింది. 2000లలో నీటి ఆధారంగా చేసిన, మట్టిలో కలిసే రకం ఎరలు కూడా వచ్చాయి. వాటిని తెరిచి వదిలేస్తే ఎండి గట్టిపడతాయి గానీ, మూత పెట్టుకుంటే బాగా పనిచేస్తాయి. నేను ఇప్పుడు చిరిగిన ఎరలన్నీ ఒక సంచిలో వేసుకుని ఇంటికి తెస్తాను. తెగిపోకుండా ఉండడానికి రాళ్ళ దగ్గర గాలం మొన ఎర ఒంట్లో దాగే రకం వాడుతున్నాను.

ఇంకొక్క మాట, ముఖ్యంగా మన వాళ్ళకి. మనం చేత్తో తినేవాళ్ళం. ఎరలో మెత్తబరిచే రసాయనాలుంటాయి, తలలో సీసం ఉంటుంది. పులిహోర డబ్బా తెరిచే ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. ఉత్త సముద్రపు నీళ్ళతో సరిపెట్టకండి.

దుకాణంలో నాన్నగారు అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పుడు సమాధానం ఉంది. ఆ గోడ మీద వందల పొట్లాలున్నా అడగవలసినవి నాలుగే. నీళ్ళు ఎంత లోతు? ఎంత బురద? గాలం ఉప్పుకి, చేప బలానికి తట్టుకుంటుందా? పట్టిన చేపని బతికుండగా వదలగలనా? నాలుగోదానికి అవుననలేని ఎరని నేను కొనడం మానేశాను.

నాన్నగారు ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసులో ఒక రబ్బరు చేపని పెట్టుకెళ్ళారు, గాలం తీసేసి. అక్కడ తన పాత విద్యార్థులకి చూపిస్తారట. వాళ్ళేమన్నారో కనుక్కుని మీకు ఇంకోసారి చెబుతాను.

అంతవరకూ సెలవు. నమస్కారం.